వేడెక్కిన గణక యంత్రము – మేము నేర్చుకొన్న పాఠము

ఏప్రిల్ మాసము వచ్చినదంటే మన కళాశాలలో రెండు విషయాలను గూర్చియే అందరి నోట వింటాము. ఒకటి పరీక్షలు, రెండవది ఎండలు. ఈ ఏడు వార్షిక సంచిక సంపాదక వర్గములో ఉన్న మా నలుగురికి మాత్రము వీటికి తోడు మూడవ చింత ఒకటి పట్టుకొన్నది. సంచికను కూర్చే గణక యంత్రము వేడెక్కి, పని నడుమ ఆగిపోసాగినది. తెలుగు విభాగము నుండి ఇద్దరము, ఉర్దూ విభాగము నుండి ఇద్దరము కలిసి రెండు వారాల పాటు ఆ యంత్రముతో పడిన శ్రమను, ఆ శ్రమలో తెలుసుకొన్న శాస్త్ర విషయాలను తోటి విద్యార్థులకు, కమిటీ పెద్దలకు విన్నవించుకొనుటకే ఈ చిన్న వ్యాసము. మనలో చాలామంది ఇండ్లలోనూ ఇటువంటి పాత కంప్యూటర్లు మూలన పడి ఉన్నవి. వారికి ఇది ఏ కొంచెమైనా ఉపకరించినచో మా శ్రమ ఫలించినట్లే.

ముందుగా ఆ యంత్రమును గూర్చి రెండు మాటలు. అది 2005వ సంవత్సరములో కొన్నది. అందులోని ప్రాసెసర్ పెంటియమ్ 4. దానిని నడిపే వ్యవస్థ విండోస్ ఎక్స్‌పి. ప్రయోగశాలలో దానికంటె కొత్త యంత్రాలు లేకపోలేదు. "అట్లయినచో ఆ పాతదానితో మీకేమి పని?" అని పాఠకులు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఉర్దూ పుటలు కూర్చే ఇన్‌పేజ్ ప్రోగ్రాము పాత ప్రతి, దానిని తెరుచుటకు కావలసిన తాళముతో సహా, ఆ యంత్రములోనే ఉన్నది. ఆ తాళమును తగిలించే పాత ప్రింటర్ పోర్టు కొత్త యంత్రాలకు లేదు. తెలుగు పుటలు కూర్చే పాత లిపి ప్రోగ్రాము కూడ అందులోనే ఉన్నది.

ఉర్దూ అచ్చు చరిత్ర ఎరిగినవారికి ఈ ప్రోగ్రాముల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. నస్తాలీఖ్ లిపిలో అక్షరములు ఒకదానిపై ఒకటి ఒరుగుచు, ఏటవాలుగా దిగుతూ ఉంటవి. సీసపు అక్షరాలతో ఆ లిపిని పేర్చుట సాధ్యము కాక, ఉర్దూ పత్రికలను, పుస్తకములను ఎన్నో దశాబ్దాలు కాతిబులు చేతితోనే వ్రాసినారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారి కృషితో నూరీ నస్తాలీఖ్ అనే లిపి మోనోటైప్ సంస్థ యంత్రములకు ఎక్కినది. ఇందుకై ఇరువది వేలకు పైగా అక్షర సంపుటులను వారు ఒక్కొక్కటిగా చేతితో వ్రాసి ఇచ్చినారు. తరువాత 1994లో ఇన్‌పేజ్ వచ్చి, ఆ సౌకర్యమును సామాన్యమైన కంప్యూటరులోనికి తెచ్చినది. మన సంచికలోని ఉర్దూ పుటలు ఈ పరంపరకు చెందినవే.

2006 నుండి నేటివరకు వెలువడిన సంచికల మూలప్రతులన్నియు ఆ యంత్రములోనే నిల్వ ఉన్నవి. అచ్చు ప్రతులలో రెండు సంవత్సరములవి చెదలపాలైనవి. వానిలోనే మన ఉర్దూ విభాగపు పూర్వాధ్యాపకులు ఒకరు వ్రాసిన వ్యాసములున్నవి. వారు నేడు లేరు. తండ్రి వ్రాసినవన్నీ ఒక్కచోట చేర్చి చిన్న పుస్తకముగా తేవలెనని వారి కుమార్తె కోరుచున్నారు. ఆమె మార్చి నెలలో కళాశాలకు వచ్చి, "ఆయన చేతివ్రాత కాగితాలు మా ఇంట ఒక్కటీ మిగులలేదు. మీ దగ్గర ఉన్నదే ఉన్నది" అని చెప్పినప్పుడు మేము తప్పక ఇచ్చెదమని మాట ఇచ్చినాము. కనుక ఆ యంత్రము ఆగిపోవుట మాకు కేవలము ఒక వస్తువు చెడిపోవుట కాదు. ఇచ్చిన మాట నిలుచునా నిలువదా అన్న ప్రశ్న.

ఇక జబ్బు లక్షణములు. మధ్యాహ్నము పూట యంత్రమును తెరచిన పది నిమిషములకు పంకా చప్పుడు హెచ్చును. తరువాత అక్షరములు తెరపై ఆలస్యముగా పడును. మరికొంత సేపటికి ఏ సూచనయు లేకుండ, దీపమార్పినట్లు, యంత్రము ఆరిపోవును. వెంటనే తిరిగి తెరచినచో ఈసారి మూడు నిమిషములకే ఆగును. అరగంట విశ్రాంతి నిచ్చినచో మరల పది నిమిషములు నడుచును. మెదకు పట్టణములోని ఒక మరమ్మతు దుకాణములో చూపగా, మూత కూడ విప్పకుండనే "ఇది పాతబడ్డది భాయ్, కొత్తది తీసుకోండి" అన్నారు. మేము నిరుత్సాహముతో తిరిగి వచ్చినాము.

అప్పుడు మాకు ధైర్యము చెప్పినవారు మన ప్రయోగశాల సహాయకులు. విద్యార్థులందరము వారిని చాచా అనియే పిలుచుకొంటాము.

"బేటా, మనిషికి జ్వరమొస్తే హకీమ్ సాబ్ మొదట ఏం చేస్తడు?" అని అడిగినారు.

"నాడి చూస్తడు, చాచా."

"మరి దీని నాడి చూసిన్రా మీరు? చూడకుండనే దఫన్ చేస్తమంటే ఎట్ల?"

ఆ మాట మాకు సూటిగా తగిలినది. నాడి చూచుటకు ముందు అసలు యంత్రము వేడెక్కుట ఎందుకో తెలుసుకొనవలెనని మేము గ్రంథాలయములోని పుస్తకములు తిరగవేసినాము.

విద్యుత్తు ఒక తీగలో ప్రవహించినప్పుడు ఉష్ణము పుట్టునని జూల్ అనే శాస్త్రజ్ఞుడు 1841లో నిరూపించినాడు. ఇస్త్రీ పెట్టెలో మనము ఆ ఉష్ణమును కోరి తెచ్చుకొంటాము. గణక యంత్రములో అది కోరకనే వచ్చును. యంత్రము చేసిన లెక్క తెరపై కనబడును గాని, ఆ లెక్కకు వాడిన విద్యుత్తు అంతయు దాదాపుగా వేడియై తేలును. ఇది నేటి బాధ కాదు. 1946లో అమెరికాలో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెడివి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. మన హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. శ్రేణి గణక యంత్రములను తయారుచేసిన కాలములో కంప్యూటరు ఉన్న గది యనగా శీతల యంత్రము ఉన్న గది యనియే అర్థము. అట్టి గదులలో చెప్పులు బయట విడిచి లోనికి పోవుట పెక్కుచోట్ల ఆచారమైనది. దుమ్మును, వేడిని శత్రువులుగా ఎంచినారు గనుకనే ఆ నియమములు.

వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు, అవి చిన్నవై చిన్నవై సూక్ష్మ ఫలకములు వచ్చిన పిదప ఈ బాధ తీరినదనుకొన్నారు. తీరలేదు సరికదా, ఒక చిన్న చోట కుదురుకొన్నది. 2004 ఫిబ్రవరిలో వెలువడిన పెంటియమ్ 4 నూతన రకములో 12 కోట్ల 50 లక్షల ట్రాన్సిస్టర్లు 112 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కపై ఇమిడినవి. మా యంత్రములోనిది ఆ రకమే. అది పూర్తిగా పనిచేయునప్పుడు 84 వాట్ల ఉష్ణమును వెలువరించునని తయారీదారుల లెక్క. అనగా ఒక్క చదరపు సెంటీమీటరునకు 75 వాట్లు. వేయి వాట్ల ఇస్త్రీ పెట్టె అడుగు సుమారు 150 చదరపు సెంటీమీటర్లు అనుకొన్నచో అక్కడ చదరపు సెంటీమీటరునకు ఏడు వాట్లు కూడ రావు. ఇస్త్రీ పెట్టెకంటె పదిరెట్లు తీవ్రమైన వేడి మన వ్రేలిగోరంత చోట పుట్టుచున్నదన్న మాట! ఈ వేడిని తట్టుకొనలేకనే ఆ కంపెనీ 4 గిగాహెర్ట్జ్ వేగముగల పెంటియమ్ 4ను తెచ్చే ఆలోచనను 2004 అక్టోబరులో విరమించుకొన్నది. 2006 జూలైలో వచ్చిన కోర్ 2 డ్యుయో రకము 65 వాట్లతోనే అంతకంటె మిన్నగా పనిచేసినది. వేగమును పెంచుటకంటె పనిని పంచుకొనుట మేలని ఆ మహాసంస్థ కూడ అనుభవముతోనే నేర్చుకొన్నది.

ఆ వ్రేలిగోరంత చోటు నుండి వేడి బయటి గాలిలోనికి పోవలెనన్నచో మూడు మజిలీలు దాటవలెను. మొదటిది ప్రాసెసర్ పైని లోహపు మూతకు, దానిపై కూర్చున్న లోహపు దిమ్మెకు నడుమ నున్న సందు. రెండవది ఆ దిమ్మె, దాని రెక్కలు. మూడవది ఆ రెక్కలను తాకి వెడలు గాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మూతబడినను జ్వరము తప్పదు. ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకొనుటకు, వేడి ఒక హద్దు చేరగానే మధ్యమధ్య పని ఆపుకొనును. అందుచేతనే యంత్రము మందగించును. ఇంకను హెచ్చినచో యంత్రమే విద్యుత్తును త్రెంచుకొనును. కనుక మా యంత్రము ఆరిపోవుట దాని మరణము కాదు, ప్రాణరక్షణ ప్రయత్నము. ఈ సంగతి తెలిసిన పిదప మాకు దానిపై కోపము పోయి జాలి కలిగినది.

ఇక్కడ మా నలుగురిలో ఒక వాదము పుట్టినది. ముందు మరమ్మతా, ముందు ప్రతులు తీసుకొనుటయా? మూత విప్పినచో ఏమగునో, తిరిగి తెరచుకొనునో లేదో ఎవరికి తెలియును? అట్లని ప్రతులు తీయబోయినచో పది నిమిషములకే ఆగిపోవుచున్నది. ఆలోచింపగా ఉపాయము లెక్కలోనే దొరికినది. ప్రాసెసర్ వేడి అనగా గదిలోని వేడికి యంత్రము తెచ్చుకొన్న పెరుగుదలను కలుపగా వచ్చునది. మధ్యాహ్నము గదిలో 40 డిగ్రీలు; తెల్లవారుజామున 27. యంత్రములో ఏ మార్పు చేయకుండనే 13 డిగ్రీల లాభము! దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలన్నట్లు, మరునాడు ఫజర్ నమాజు ముగించుకొని ఇద్దరు, బస్సు దిగి ఇద్దరు, ఆరు గంటలకే ప్రయోగశాలకు చేరినాము. చాచా తాళము తీసినారు. కిటికీలన్నీ తెరచి, ఇతర ప్రోగ్రాములన్నీ మూసి, ఒక్కొక్క సంవత్సరపు దస్త్రమును వేరుగా ప్రతి తీసుకొన్నాము. ఎనిమిదిన్నర వరకు యంత్రము ఒక్కసారియు ఆగలేదు. మూడు ఉదయములలో 2006 మొదలు అన్ని సంచికలు రెండు వేరువేరు నిల్వలలోనికి చేరినవి. దివంగతులైన ఆ గురువుగారి వ్యాసములు పదునాలుగు దొరికినవి. వానిలో ఒకటి ఏ సంచికలోను అచ్చుకానిది. ఉర్దూ విభాగపు మిత్రుడు దానిని తెరపై చదివి వినిపించుచుండగా చాచా కుర్చీలో నుండి లేచి నిలుచున్నారు.

ప్రతులు భద్రమైనవి గనుక ఇక నాడి చూచుటకు పూనుకొన్నాము. యంత్రము తెరచుకొనునప్పుడే ఒక మీట నొక్కినచో బయాస్ అనే ప్రాథమిక అమరికల పుట వచ్చును. అందులో ప్రాసెసర్ వేడి, పంకా వేగము కనబడును. మధ్యాహ్నము 40 డిగ్రీల గదిలో చూచినాము. మొదట 55 ఉన్నది ఎనిమిది నిమిషములకు 80 దాటినది. 85 చేరగానే యంత్రము ఆగినది. విద్యుత్తు త్రెంచవలసిన హద్దు ఆ పుటలో 85గానే నిర్ణయింపబడి ఉన్నది. ఈ ఒక్క పరీక్షతో జబ్బు వేడిదే గాని వైరస్‌ది కాదనియు, జ్ఞాపక ఫలకమునది కాదనియు తేలినది. ఏలనన ఆ పుటలో విండోస్ ఇంకను మొదలు కాలేదు గదా! పంకా నిమిషమునకు 2,900 చుట్లు తిరుగుచున్నది. కావున పంకాయు దోషి కాదు. పంకా అంత తిరుగుచున్నను గాలి ఎందుకు రాదు? ఒక పలుచని కాగితపు ముక్కను యంత్రము వెనుక పట్టిచూడగా అది కదలనే లేదు.

విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీసి, పెట్టెను వరండాలోనికి తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకొని మూత విప్పినాము. ముందుగా పెట్టె లోహమును చేతితో తాకినాము. మన ఒంటిలోని స్థిర విద్యుత్తు ఫలకములకు సోకకుండుటకు అది అవసరము. పంకాను తొలగించి చూచుసరికి రెక్కల నడుమ సందులన్నిటిని మూసివేయుచు బూడిద రంగు దుమ్ము ఒక పొరగా అల్లుకొని ఉన్నది. వేలితో లాగగా రజాయిలోని దూదివలె ముక్కగా ఊడివచ్చినది. రజాయి మనలను వెచ్చగా ఉంచుట దూది గొప్పతనము కాదు. దూదిలో చిక్కుకొన్న గాలి గొప్పతనము. నిలిచిన గాలి వేడిని పోనీయదు. ఆ యంత్రము ఎండాకాలములో రజాయి కప్పుకొని పనిచేయుచున్నదన్న మాట. రంగులు వేసే మెత్తని కుంచెతో, చేతితో నడిపే గాలి తిత్తితో శుభ్రము చేసినాము. గాలి ఊదునప్పుడు పంకా రెక్కను వేలితో కదలకుండ పట్టుకొనవలెను. లేనిచో అది అతివేగముగా తిరిగి చెడిపోవచ్చును. తడిగుడ్డ వాడరాదు.

తిరిగి చూడగా అదే 40 డిగ్రీల గదిలో వేడి 76 వద్ద నిలిచినది. అనగా మొదట 45కు పైబడి పరుగెత్తిన పెరుగుదల 36కు దిగినది. అందరము సంతోషించినాము. కాని ఆ సంతోషము సాయంత్రము వరకే. ముద్రణకై పుటలన్నిటిని ఒక్క దస్త్రముగా మార్చుట మొదలిడగానే ప్రాసెసరుకు పని హెచ్చి, యంత్రము మరల ఆగినది. మూడవ మజిలీ తెరుచుకొన్నను మొదటి మజిలీలో ఏదో అడ్డున్నదని అర్థమైనది.

లోహపు దిమ్మెను మెల్లగా కదిపి చూచినాము. గట్టిగా కూర్చుండవలసినది ఒక మూల ఊగినది. ఈ రకపు దిమ్మె నాలుగు మూలల నాలుగు ప్లాస్టిక్ మేకులపై నిలుచును. వానిలో ఒకటి ఏండ్ల వేడికి పెళుసెక్కి, పట్టు వదలి పైకి తేలినది. మేకుల తలలను బాణపు గుర్తు వైపు త్రిప్పి పైకి లాగి, దిమ్మెను అటునిటు కొంచెము త్రిప్పుచు ఎత్తినాము. అడుగున ఉండవలసిన లేపనము ఎండి, తమలపాకు డబ్బీలో మిగిలిన పాత సున్నమువలె పొరలు పొరలుగా రాలినది.

ఈ లేపనమును గూర్చి కొంచెము వివరింపవలెను. రెండు లోహపు పలకలు కంటికి ఎంత నున్నగా కనబడినను వానిపై కానరాని గుంతలుండును. ఒకదానిపై ఒకటి పెట్టినప్పుడు అవి శిఖరముల వద్ద మాత్రమే తాకును. గుంతలలో గాలి నిలుచును. గాలికంటె రాగి సుమారు 15,000 రెట్లు బాగుగా వేడిని ప్రసరింపజేయును. అటువంటి రాగి చెంత ఆ కొంచెము గాలి యున్నను గోడ కట్టినట్లే. లేపనము ఆ గుంతలలోని గాలిని తరిమి తాను నిండును. అది రాగికి సమము కాదు గాని గాలికంటె నూరురెట్లకు పైగా మేలు. అందుచేతనే దానిని పలుచగా పూయవలెను. ఎక్కువ పూసినచో లోహములను దూరము చేసి తానే అడ్డగును. టూత్‌పేస్టు పూసినను చాలునని కొందరు చెప్పినారు; కాని అందులోని నీరు ఆ వేడికి కొలది దినములలో ఎండి, తిరిగి సున్నమే మిగులును.

మందుల దుకాణములో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పీచు రాలని గుడ్డపై వేసి రెండు పలకలను అద్దమువలె తుడిచినాము. ఆరిన పిదప కందిగింజంత లేపనమును నడుమ ఉంచినాము. పట్టు తప్పిన మేకుకు బదులుగా చాచా ఎక్కడో దాచి ఉంచిన పాడైన యంత్రపు మేకు ఒకటి అమరినది. ఎదురెదురు మూలలను జంటలుగా నొక్కి, నాలుగు మేకులు "టక్" మనువరకు చూచుకొన్నాము. ఫలకము వెనుకకు త్రిప్పి నాలుగు కొనలు సమానముగా బయటికి వచ్చినవో లేదో కూడ చూచినాము. అట్లే ప్రాసెసర్ చుట్టునున్న కెపాసిటర్ల తలలు ఉబ్బినవేమోనని పరీక్షించినాము. ఆ కాలపు యంత్రములలో అవి ఉబ్బుట తరచుగా కనబడెడి దోషము. మాదానిలో అన్నియు చదునుగనే ఉన్నవి.

ఇక మిగిలినది యంత్రము కూర్చున్న చోటు. దానిని బల్ల క్రింది చెక్క అరలో తలుపు మూసి, పైన బట్ట గలీబు కప్పి ఉంచుట ఏనాటినుండియో వచ్చిన అలవాటు. దుమ్ము పడకూడదన్న సదుద్దేశమే. కాని బయటికి వచ్చిన వేడి గాలినే యంత్రము తిరిగి పీల్చుకొనుచున్నది. మన ఊరి పేరులోనే హవేలి ఉన్నది. పాతకాలపు హవేలీలను కట్టినవారు గోడలు దళసరిగా పెట్టి ఊరకుండలేదు. పైకప్పు దగ్గర గాలి గవాక్షములు, క్రింద ఎదురెదురు ద్వారములు ఉంచినారు. వేడి గాలి తేలికయై పైకి పోవును, చల్లని గాలి క్రిందినుండి వచ్చును. అదే సూత్రముతో పెట్టెను బల్లపైకి తెచ్చి, గోడకు జానెడు దూరములో నిలిపి, గలీబును యంత్రము ఆపి చల్లారిన పిదపనే కప్పునట్లు ఏర్పాటు చేసినాము.

ఫలితము చెప్పుటకు అంకెలే చాలును. అదే వేళ, అదే 40 డిగ్రీల గది. బయాస్ పుటలో వేడి 62 వద్ద నిలిచినది. దుమ్ము తీసిన తరువాత కూడ 36 ఉన్న పెరుగుదల 22కు దిగినది. పుటలన్నిటిని ముద్రణకు మార్చునంతటి బరువైన పనిలో సైతము 71 దాటలేదు. పంకా 1,900 చుట్లతోనే సరిపెట్టుకొన్నది. ప్రయోగశాలలో మాటలు వినబడసాగినవి. మొత్తము ఖర్చు 260 రూపాయలు. అందులో లేపనమునకే ఎక్కువ అయినది. ఇప్పుడు మీ చేతిలోనున్న ఈ సంచిక పుటలన్నియు, కుడినుండి చదివే వైపును, ఎడమనుండి చదివే వైపును, ఆ యంత్రము మీదనే కూర్చబడినవి.

తోటి విద్యార్థులకు మా మనవి ఇంతే. యంత్రము ఆగినంతనే మార్చుటకు తొందరపడవద్దు. ముందు లక్షణములను వ్రాసుకొనుడు. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో ఏది పనిచేసినదో తెలియదు. ఒక్కొక్క మార్పు తరువాత వేడిని కొలిచి, కాగితముపై వ్రాసి, తరువాతి దానికి పోవుడు. దిమ్మె లేకుండ ప్రాసెసరును ఒక్క క్షణమైనను నడుపవద్దు. పెట్టెలోని విద్యుత్తు సరఫరా డబ్బాను ఎన్నడును విప్పవద్దు. తీగ ఊడదీసిన తరువాత కూడ అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉండవచ్చును. అన్నింటికంటె ముందు, విలువైన దస్త్రములకు ప్రతులు తీసికొనుడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న ప్రయోజనమేమి?

కమిటీ పెద్దలకు కూడ సవినయముగా ఒక మాట. మేము ఆ యంత్రమునకు ఆయువు పోసినామని చెప్పుకొనుట లేదు. గడువు మాత్రము సంపాదించినాము. విండోస్ ఎక్స్‌పికి తయారీదారుల రక్షణ 2014 ఏప్రిల్ 8తో ముగిసినది. అందుచేత దానిని ఇంటర్నెట్‌కు కలుపకుండ, సంచిక పనికి మాత్రమే వాడవలసి ఉన్నది. ఇరువది ఏండ్లు దాటిన హార్డ్ డిస్కు ఏనాడైనను ఆగవచ్చును. పాత లిపిలో కూర్చిన తెలుగు పుటలు ఆ లిపి లేని యంత్రములో తెరిచినచో అర్థములేని గుర్తులుగా కనబడుచున్నవి. తెలుగు అక్షరములకు యూనికోడ్‌లో 1991లోనే స్థానము లభించినది. కావున పాత సంచికలన్నిటిని, ఉర్దూ తెలుగు రెండింటిని, యూనికోడ్‌లోనికి మార్చు పనిని రాబోవు విద్యా సంవత్సరములో విద్యార్థులకు అప్పగింపవలెనని కోరుచున్నాము. కొత్త యంత్రమునకు సొమ్ము మంజూరు చేయుట అవసరమే. కాని ఈ మార్పు జరుగకుండ కొత్త యంత్రము వచ్చినచో పాత సంచికలకు మరల దిక్కు ఉండదు. ఆ పని పూర్తియైన పిదప పాత యంత్రమును కబాడీకి వేయక, 2023 ఏప్రిల్ నుండి అమలులో ఉన్న ఇ-వ్యర్థముల నియమములను అనుసరించి రిజిస్టరైన పునర్వినియోగ సంస్థకే అప్పగింపవలెనని మా ప్రార్థన.

గురువుగారి పదునాలుగు వ్యాసములను కాగితముపై ముద్రించి, వారి కుమార్తెకు మే మొదటి వారములో అందజేసినాము. అచ్చుకాని ఆ ఒక్క వ్యాసమును ఆమె అనుమతితో ఈ సంచిక ఉర్దూ విభాగములో మొదటి పుటన ప్రచురించుచున్నాము. ఉర్దూ రాని మిత్రులు దానిని ప్రక్కనున్న సహాధ్యాయిచేత చదివించుకొని వినవలెనని కోరుచున్నాము.